ఆదివారం మాట్లాడే కంప్యూటరు

నల్లపాడు,
జనవరి 2008

ప్రియమైన తమ్ముడు ప్రేమదాసుకు,

ప్రభువు పేరిట మీ అక్క వందనాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా అని రాయబోయి, మొదటి వాక్యమే అబద్ధం ఎందుకని ఆగాను.

సెల్‌ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో మాట్లాడితే మీ బావగారికి వినపడుతుంది. చూపు పోయిన దగ్గర్నుంచీ ఆయన చెవులు ఎంత పదునెక్కాయంటే, పక్కింటి కుక్కరు ఎన్ని కూతలు వేసిందో ఇక్కడ కూర్చుని లెక్క చెబుతారు. ఈ ఇంట్లో ఆయనకు తెలియకుండా ఉండగలిగింది కాగితం మీద సిరా ఒక్కటే. దాన్ని వాడుకుంటున్నందుకు సిగ్గుగానే ఉంది.

సంగతేమిటంటే, క్రిస్మస్‌కు నువ్వు తెచ్చిపెట్టిన కంప్యూటరు మూగబోయింది. నువ్వు చెప్పినట్టే ఒకే పెట్టెలో రెండు కాపురాలు. స్విచ్చి వేయగానే పేర్ల వరస వస్తుంది. ఏమీ ముట్టుకోకపోతే లైనక్స్, కిందికి దిగి ఎంచుకుంటే విండోస్. తెలుగు చదివి వినిపించే గొంతు ఉంది కనుక లైనక్స్ ఆయనకు. స్త్రీల సమాజం పాటల కాగితాలు టైపు చేసుకోవడానికి విండోస్ నాకు. నా కాపురం బాగానే ఉంది. ఆయనదే మాటా పలుకూ లేకుండా పోయింది. తెర మీద అన్నీ కనపడతాయి, కనపడి ఆయనకేం లాభం?

మొదటిరోజు నీకు గుర్తుందిగా. ఆయన తడుముకుంటూ తన పేరు టైపు చేస్తే, ఆ జలుబు చేసిన గొంతు "శ్యామ్ సుందర్" అని పిలిచింది. "ఏమండీ, ఎవరు తమరు?" అని ఆయన దాన్ని తిరిగి అడిగారు. రెండేళ్ళ తర్వాత మనిషి ముఖంలో నవ్వు చూశాను. ఇప్పుడు మీట నొక్కి, చెవి అటు పెట్టి, కాసేపు ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుంటారు.

ఇది ఆయన సరదాకు కాదని నీకు తెలుసు. హెడ్మిస్ట్రెస్ సుబ్బరావమ్మ గారు మొన్న ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పి వెళ్ళారు. "మాష్టారూ, చూపు పోయిందని ఉద్యోగం తీసేయడానికి లేదు, రూలు మీ పక్కనే ఉంది. కానీ జూన్‌లో బడి తెరిచేసరికి పాఠం మీరే తయారు చేసుకోవాలి, ప్రశ్నపత్రం మీరే టైపు చెయ్యాలి. జాలి మీద బండి నడపటం మీకూ బాగుండదు, నాకూ బాగుండదండీ" అన్నారు. ఆయన సరేనన్నారు. ఈ పెట్టె పలికితేనే ఆయన మళ్ళీ తెలుగు మాష్టారు. పలకకపోతే నేను అన్నం కలిపిపెట్టే మనిషి, అంతే.

పొద్దున కరెంటు కోత. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు పడుకుని, లేచాక కూర్చుంటారు. ఆయన లేచేసరికి లైనక్స్ తెరిచి సిద్ధంగా ఉంచుతాను, బల్ల కింద స్విచ్చి కోసం వంగి ఒకసారి నుదురు కొట్టుకున్నారు కనుక. అన్నీ సరిగ్గానే చేస్తున్నాను. అయినా పలకదు. ఏం చెయ్యాలో రాయి.

మీ అక్క,
రెబెకా


బెంగుళూరు,
జనవరి 2008

అక్కకు,

నా ప్రేమ వందనాలు. మేమిద్దరం కులాసా అనే అబద్ధం కన్నా నీ నిజమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

తప్పు నాదే అయ్యుంటుంది. ఆ రోజు రైలు టైము అవుతోందని హడావుడిగా లైనక్స్ ఎక్కించి, ఒకసారి పలికింది కదా చాలని సంచి భుజాన వేసుకున్నాను. పదో తరగతిలో తెలుగు తప్పి ఊరంతా నవ్వితే, వేసవి సెలవులన్నీ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని సంధులు నేర్పింది బావ. నేను తిరిగి ఆయనకు ఇచ్చింది మూగ పెట్టె. ఆఫీసులో అందరి కంప్యూటర్లూ బాగుచేసే మొనగాణ్ణని ఇక్కడ పేరు.

సరే, పని చూద్దాం. లైనక్స్‌లో మిక్సరు అని ఒకటుంటుంది. నీ వంటింట్లోది కాదు. దాన్ని తెరిచే మాట విడి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇందులో పెట్టాను, అలాగే కొట్టు. నిలువుగా గొట్టాలు వరసగా కనపడతాయి. గొట్టం అడుగున రెండు ఎమ్ అక్షరాలుంటే దాని నోరు కట్టేశారని అర్థం. ఎమ్ నొక్కితే సున్నాలు వస్తాయి, నోరు విప్పినట్టు. పైబాణం నొక్కి గొట్టం నింపు. కాగితంలో రెండో వరసలో ఉన్నది కొడితే ఆ అమరిక అలాగే ఉండిపోతుంది.

స్పీకరు తీగ వెనక ఆకుపచ్చ రంధ్రంలోనే ఉందా చూడు. ఊడ్చేటప్పుడు పీకి పక్కదాంట్లో పెట్టావేమో. నీ చీపురుకు అడ్డమొచ్చినదేదీ బతకదు.

నన్ను అడిగావని బావకు చెప్పకు. ఆయన అభిమానం నాకు తెలుసు.

ప్రేమదాసు


నల్లపాడు,
ఫిబ్రవరి 2008

ప్రియమైన ప్రేమదాసుకు,

ప్రభువు పేరిట వందనాలు.

నువ్వు చెప్పిన గొట్టాలన్నీ చూశాను. ఎమ్‌లు ఎక్కడా లేవు, అన్నీ సున్నాలే. నోరు తెరిచే ఉంది, మాటే రాదు. స్పీకరు తీగ దాని చోటే ఉంది. నా చీపురు మీద నింద వేయకు.

ఇంకో విడ్డూరం విను. ఇన్నాళ్ళూ ఆదివారాలు దాని జోలికి పోలేదు, ఈమధ్య ఒక ఆదివారం మందిరం నుంచి వచ్చి స్విచ్చి వేస్తే, గడగడా మాట్లాడింది! సాయంత్రం దాకా మాట్లాడింది. ఆయన వాక్యభాగం టైపు చేసి వినిపించుకున్నారు, నాకు దోసకాయ పప్పు మీద ఒక పద్యం కట్టి దానిచేత చదివించారు. సోమవారం మధ్యాహ్నం మళ్ళీ మూగ. ఆ వారమంతా మూగే. పై ఆదివారం మళ్ళీ పలికింది. సోమవారం మళ్ళీ షరా మామూలే.

"మీ తమ్ముడు రక్షణ పొందిన కంప్యూటరు తెచ్చాడే" అని ఆయన నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది, పాస్టరు గారికి చెప్పారు. ఆయన ప్రార్థనలో కూడా పెట్టారు. "మూగవాటి నోరు తెరిచే దేవా" అని గట్టిగా అంటుంటే సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. ఎందుకో నా ఆమెన్ గొంతు దాటి రాలేదు.

ఇప్పుడు ఆయన నవ్వడం తగ్గించారు. ఆదివారం పలికినంతసేపూ ఏదో ఆలోచిస్తూ ఉంటారు. వీధిలో మిరపకాయల టిక్కీ బస్తాలు లారీలకెక్కిస్తూ కూలీలు ఎంత అరుస్తున్నా ఆయనకు పట్టదు. నాకు ఆయన మౌనం భయంగా ఉంది. తొందరగా ఏదో ఒకటి కనిపెట్టు.

మీ అక్క,
రెబెకా


బెంగుళూరు,
మార్చి 2008

అక్కకు వందనాలు.

ఈసారి డ్రైవరు సంగతి చూద్దాం. డ్రైవరు అంటే లైనక్స్‌కూ సౌండు కార్డుకూ మధ్య దుబాసీ. వీడి భాష వాడికి, వాడి భాష వీడికి చెబుతుంటాడు. మీ పెట్టెలో కార్డు ఏ రకమో దుబాసీకి సరిగ్గా తెలియలేదేమో. ఒక ఫైలు చివర ఒక్క వరస చేర్చాలి. కాగితం పెట్టాను. ఒక్క అక్షరం తప్పినా పనిచేయదు, కళ్ళద్దాలు పెట్టుకుని కొట్టు.

కానీ అక్కా, నాకు ఇది నమ్మకంగా లేదు. డ్రైవరు తప్పయితే ఆదివారం కూడా పలకకూడదు. సౌండు కార్డుకు క్యాలెండరు తెలియదు. దానికి సబ్బాతూ లేదు, ప్రభువు దినమూ లేదు. మీ ఇంట్లో మిగతా ఆరు రోజులూ జరిగేది, ఆదివారం జరగనిది ఏదో ఒకటి ఉంది. అది ఎంత చిన్నదైనా సరే, నీకు అనవసరం అనిపించినా సరే, రాయి.

ఒక్కటి అడుగుతాను. ఆదివారం కాక మిగతా రోజుల్లో విండోస్ ఎవరైనా తెరుస్తున్నారా?

ప్రేమదాసు


నల్లపాడు,
ఏప్రిల్ 2008

ప్రేమదాసుకు,

ఫైలులో నువ్వు రాసిన వరస చేర్చాను. మార్పు లేదు.

విండోస్ ఎవరూ తెరవడం లేదు. శనివారం నేను పాటల కాగితం టైపు చేసుకుంటాను, అంతే.

ఇక నువ్వు శ్రమపడవద్దు. మీ బావగారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. నిన్న నన్ను పిలిచి తెల్ల కాగితం తీసుకోమన్నారు.

"రెబెకా, ఇంత స్పష్టంగా చెబుతుంటే ఇంకా అర్థం కాలేదంటే అది నా మొద్దుతనం. బడి రోజుల్లో నోరు మూస్తున్నాడు. తన దినాన తెరుస్తున్నాడు. బడి చాలించు, నా మందిరంలో కూర్చో అంటున్నాడు. నేనే వినిపించుకోలేదు."

"మిషనులో ఏదో లోపమండీ. తమ్ముడు చూస్తానన్నాడు" అన్నాను.

"లోపానికి వారాలు తెలుస్తాయా?" అన్నారు.

నువ్వు అడిగిన ప్రశ్నే. నువ్వు ఒక దారిన వెళ్ళావు, ఆయన ఇంకో దారిన వెళ్ళారు.

స్వచ్ఛందంగా పదవీ విరమణ కోరుతున్నానని ఆయన చెబుతుంటే నేనే రాశాను. ఆయన ఉత్తరాలన్నీ రాసేది నేనేగా. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టుకుని నేనే చూపించాను. ప్రార్థనలో దేవునికి మాట ఇచ్చేశాననీ, ఇక వెనక్కి తీసుకోననీ అన్నారు. సుబ్బరావమ్మ గారు పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్ళారు. మే నెలలో ఆవిడ రాగానే చేతికిస్తారట. అందాకా ఆ కాగితం బైబిల్లో ఉంది.

నా ముక్కు ఎగబీల్పు విని "ఏడుస్తున్నావా?" అన్నారు. ఎదురింటివాళ్ళు మిరపకాయలు ఆరబోశారండీ, ఆ ఘాటు అన్నాను.

రెబెకా


బెంగుళూరు,
ఏప్రిల్ 2008

అక్కా,

దొరికింది.

మీ ఇంట్లో ఉన్నటువంటి బోర్డే ఇక్కడ ఒక పాత మిషనులో ఉంటే, శనివారం దాని ముందు కూర్చున్నాను. మీ దాంట్లోలాగే రెండూ ఎక్కించాను. స్విచ్చి వేసి నేరుగా లైనక్స్‌లోకి వెళితే చక్కగా పలికింది. విండోస్‌లోకి వెళ్ళి, కాసేపుండి, రీస్టార్టు కొట్టి లైనక్స్‌లోకి వస్తే మూగ! ఎన్నిసార్లు చేసినా అంతే. విండోస్ పోతూ పోతూ సౌండు కార్డు చెవిలో ఏదో చెప్పిపోతుంది. రీస్టార్టులో కరెంటు పోదు కనుక కార్డు ఆ మాటే పట్టుకుని కూర్చుంటుంది, లైనక్స్ ఎంత పిలిచినా పలకదు, అత్తవారింటి మాట తప్ప వినని కోడలిలాగా. మందు చాలా సులువు. విండోస్‌లోంచి వచ్చేటప్పుడు రీస్టార్టు కొట్టకూడదు. పూర్తిగా ఆపేసి, గోడకున్న ప్లగ్గు తీసి, కాసేపాగి మళ్ళీ వేయాలి. కార్డు అన్నీ మరిచిపోయి కొత్తగా లేస్తుంది.

గొట్టాలదీ తప్పు లేదు, దుబాసీదీ తప్పు లేదు. సంతోషంతో బల్ల గుద్దాను. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అప్పుడు సంతోషం పోయింది.

అక్కా, సోమవారం మూగ. మంగళవారం మూగ. అంటే రోజూ ఎవరో విండోస్ తెరుస్తున్నారు, ఒక్క ఆదివారం తప్ప. మీ ఇంట్లో ఉండేది ఇద్దరు. ఒకరికి కళ్ళు లేవు.

నీకు అబద్ధమాడడం చేతకాదు. పోయిన ఉత్తరం పైన నువ్వు ప్రభువు పేరిట వందనాలు రాయలేదు. నాకు జాబు రాయడం వచ్చిన దగ్గర్నుంచీ నీ వందనాలు లేని జాబు నాకు రాలేదు.

ఏం చేస్తున్నావో నాకు చెప్పకపోయినా పరవాలేదు. కానీ బైబిల్లో ఉన్న ఆ కాగితం సంగతేమిటి?

ప్రేమదాసు


నల్లపాడు,
ఏప్రిల్ 2008

తమ్ముడూ,

పేకాట ఆడుతున్నాను.

రాశాక ఆ మాట వంక చాలాసేపు చూశాను. పాస్టరు కూతురు, స్త్రీల సమాజం కార్యదర్శి, పేకాట. నాన్నగారు గుర్తున్నారా? మందిరం మెట్ల మీద ఎవరో పడేసిన పేకముక్క కనపడితే, చేత్తో ముట్టుకోకుండా చీపురుతో ఊడ్పించి, ఆ చీపురును కూడా పారేయించారు.

పాటల కాగితం కోసం వెతుకుతుంటే ఒకరోజు అది తెరుచుకుంది. ఆకుపచ్చ బట్ట పరిచినట్టు బల్ల, దాని మీద ఎరుపూ నలుపూ ముక్కలు. ఎర్ర ఏడు మీద నల్ల ఆరు. ఎదుటి మనిషి అక్కర్లేదు, పందెం అక్కర్లేదు. చప్పుడు కూడా లేదు. వరసలన్నీ కలిసిపోతే ముక్కలు గంతులేసుకుంటూ తెరంతా జారిపడతాయి. మొదటిసారి అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన లోపల పడుకుని ఉన్నారు.

ఎందుకంటే ఏం చెప్పను? లేచిన దగ్గర్నుంచీ నా కళ్ళు ఆయనవి. పేపరు చదువుతాను. చేపలో ముల్లు ఏరతాను. గుంటూరు వెళితే బస్సు మీద ఊరి పేరు చదువుతాను, గేదె అడ్డమొస్తే చెబుతాను, ఎదురొచ్చిన మనిషి నవ్వాడో లేదో చెబుతాను. నేను చూసిన ప్రతిదీ మాట చేసి ఆయన చేతిలో పెట్టాలి. ప్రేమతోనే పెడుతున్నాను, ప్రభువుకు తెలుసు. కానీ ఆయన నిద్రపోయిన ఆ కాసేపూ, ఎవరికీ చెప్పనక్కర్లేనిది ఒకటి చూడాలని నా కళ్ళు కొట్టుకుంటాయి. ఆ కాసేపే అవి నావి.

ఆదివారం మాత్రం ముట్టుకోను. ప్రభువు దినం కదా! చూడు నా భక్తి. ఆ భక్తే ఆయన కొంప ముంచింది. ఆరు రోజులూ ఆడి, ఏడో రోజు మానేసి, దేవుని పేరుతో ఆయనకు ఒక తప్పుడు కబురు పంపాను. ఆటైపోగానే ఆయన లేస్తారని రీస్టార్టు కొట్టి లైనక్స్ సిద్ధం చేసేదాన్ని. నుదురు కొట్టుకోకూడదని. ఆయన కోసం చేశాననుకున్న ఆ ఒక్క పనే ఆయన గొంతు నొక్కింది.

నీ ఉత్తరం వచ్చాక మంగళవారం ప్లగ్గు తీసి వేశాను. పలికింది. పరుగున వెళ్ళి చెప్పాను. ఆయన వచ్చి విన్నారు. "మాట్లాడితే మాట్లాడనీలే. నేను ఇచ్చిన మాట ఇచ్చిందే. ఇది నన్ను పరీక్షించడానికి" అన్నారు. చూశావా, ఇప్పుడు మిషను బాగుపడితే చాలదు. ఆ కబురు పంపింది దేవుడు కాదు, నేనని చెబితే తప్ప ఆ కాగితం ఆగదు.

చెప్పలేకపోతున్నాను. చెబితే ఆయన బాధపడతారని కాదు. నేను ఆయన నుంచి కళ్ళు దాచుకున్నానని ఆయనకు తెలుస్తుందని.

ఇంకా సిగ్గుమాలిన సంగతి రాస్తాను. నిన్న కూడా ఆడాను. ఆడి, నువ్వు చెప్పినట్టు సరిగ్గా ఆపేశాను.

రెబెకా


బెంగుళూరు,
మే 2008

అక్కా,

నీ ఉత్తరం చదివి చించేశాను. కోపంతో కాదు. నా గదిలో ఉండేవాళ్ళకు తెలుగు వచ్చు.

పేకాట గురించి నేనేమీ అనను. నేను ఈ ఊళ్ళో ఆదివారం ఏం చేస్తానో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. మీ కోసం అని ఒక పెట్టె తెచ్చాను గానీ, అందులో నీకు ఏం కావాలో నేనూ అడగలేదు. పాటల కాగితాలకు విండోస్ చాలనుకున్నాను.

కార్డు పాడైతే కార్డు పంపిస్తాను. ఈ లోపాన్ని బెంగుళూరు నుంచి బాగుచేయలేను. నేను ఫోను చేసి చెబితే నువ్వు నాచేత చెప్పించినట్టవుతుంది, బావ నిన్ను ఎప్పటికీ క్షమించడు. నువ్వు చెబితే క్షమిస్తాడని నేను హామీ ఇవ్వలేను. అయినా నువ్వే చెప్పాలి.

సుబ్బరావమ్మ గారు ఎప్పుడొస్తున్నారు?

ప్రేమదాసు


నల్లపాడు,
మే 2008

తమ్ముడూ,

చెప్పాను.

సుబ్బరావమ్మ గారు ఊరి నుంచి వచ్చారని పాలమనిషి చెప్పింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిల్లోంచి కాగితం తీసి, "పద, ఇచ్చేసి వద్దాం" అన్నారు. నన్ను తీసుకెళ్ళమన్నారు. ఆ కాగితం ఇవ్వడానికి దారి చూపించాల్సింది కూడా నేనే. చెప్పులు వేసుకున్నాను, తీసేశాను.

నోటితో మొదలుపెట్టలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. విండోస్ తెరిచాను, మూసి రీస్టార్టు కొట్టాను. ఆయన మీట నొక్కారు. మూగ. ప్లగ్గు తీశాను, కాసేపాగి వేశాను. ఆయన మీట నొక్కారు. పలికింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అలాగే.

"ఏవండీ, ఇది దేవుడు చేసిన పని కాదు. నా చేతిపని. ఆదివారం తప్ప రోజూ మీరు పడుకున్నాక నేను విండోస్‌లో పేకాట ఆడుతున్నాను."

"పేకాటా?" అన్నారు. ఆ మాట వేరే ఊరి పేరులాగా అన్నారు. "ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ అయిన దగ్గర్నుంచి."

"ఆ దరఖాస్తు రాసినప్పుడు నీకు తెలుసా?"

అక్కడ తప్పించుకోవచ్చు. రీస్టార్టు సంగతి నీ ఉత్తరం వచ్చేదాకా నాకు నిజంగానే తెలియదు. "కారణం తెలియదు. కానీ విండోస్ ఎవరైనా తెరుస్తున్నారా అని తమ్ముడు అప్పటికే అడిగాడు. ఎవరూ తెరవడం లేదని రాశాను" అన్నాను.

ఆయన మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "అంటే దేవుడు నాతో ఏమీ చెప్పలేదన్నమాట" అన్నారు. తిట్టినా కొట్టినా ఇంతకన్నా నయం.

ఆ కాగితం చింపలేదు. సుబ్బరావమ్మ గారికీ ఇవ్వలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇది జరిగి వారమైంది. అన్నం పెడితే తింటారు, చెయ్యి అందిస్తే పట్టుకుంటారు, నాతో మాట్లాడరు. రోజంతా ఆ పెట్టెతోనే మాట్లాడుతున్నారు. అది పలుకుతూనే ఉంది. ఒప్పుకుంటే గుండె తేలికపడుతుందని నాన్నగారు ప్రసంగాల్లో చెప్పేవారు. నాకు పడలేదు.

ఆట మానేశాను. మధ్యాహ్నం ఆయన పక్కనే ఊరికే కూర్చుంటున్నాను.

ప్రభువు పేరిట వందనాలు అని రాయడం మళ్ళీ మరిచిపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

రెబెకా


నల్లపాడు,
జూన్ 2008

ఏమోయ్ ప్రేమదాసూ,

మీ బావ శ్యామ్ సుందర్ స్వయంగా టైపు చేస్తున్న ఉత్తరం ఇది. అచ్చుతప్పులుంటే మన్నించు. నేను చూసి దిద్దలేదు, విని దిద్దాను. ణకారానికీ నకారానికీ తేడా ఈ జలుబు గొంతు సరిగ్గా చెప్పదు. బడిలో ప్రింటు తీయించి, అక్కడే కవరు అంటిస్తాను. పైన అడ్రసు మాత్రం మీ అక్క చేత రాయించాను. ఈ ఇంట్లో ఆమె చదవని ఉత్తరం ఇదొక్కటే. నా వీపు వెనక మీరిద్దరూ నడిపిన ఉత్తరాలకు ఇది చెల్లు.

బడిలో అన్నానని చూశావా? పోయిన వారం తెరిచారు. తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టగానే ఎవడో "గుడ్డి మాష్టారురా" అని గొణిగాడు. "గుడ్డి విశేషణం, మాష్టారు విశేష్యం. రెండూ నిజమే. ఇప్పుడు సమాసం పేరు చెప్పు" అన్నాను.  ఒక అమ్మాయి లేచి, విశేషణ పూర్వపద కర్మధారయం అంది. పాఠం మొదలైంది.

నీకు ఒకటి చెప్పాలి, మీ అక్కకు ఇంకా చెప్పలేదు. ఆ గొణుగుడుకే నేను రెండేళ్ళుగా భయపడి చచ్చాను. ఆదివారం పెట్టె పలికితే, దేవుడు పిలిచాడని కాదు, తప్పించుకునే దారి దొరికిందని సంతోషించాను. నా భయానికి దేవుని సంతకం పెట్టించుకున్నాను. రెబెకా రాసిన అబద్ధం ఒక వరస. నేను రాయించింది దరఖాస్తు నిండా. అలాంటివాణ్ణి వారం రోజులు ఆమెతో మాట్లాడకుండా, నీతిమంతుడిలా కూర్చున్నాను. ఆ కాగితం చింపినప్పుడు కూడా కారణం చెప్పలేదు. పక్కన ఆమె మిరపకాయలు లేని కాలంలో కూడా ముక్కు ఎగబీల్చింది.

మధ్యాహ్నం టిక్కు టిక్కుమని చప్పుడైతే ఇంట్లో ఎలుక చేరిందని బోను కూడా పెట్టించాను. మౌస్ అంటే ఎలుకేలే, నా చెవులు తప్పు చెప్పలేదు. అది ఎవరి చేతిలో ఉందో తెలియలేదు.

ఇప్పుడు అసలు పని. మీ అక్క ఆట మానేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి కూర్చున్నచోటే కూర్చుని ఉంటోంది. ఏం చేశావు అంటే ఏమీ లేదండీ అంటుంది. ఆ మాట నిజమే, అదే నాకు బాగోలేదు. విండోస్ తెరవమంటే నావల్ల కాదంటుంది. మొన్న లైనక్స్‌లో మెనూలు ఒక్కొక్కటే చదివించుకుంటూ పోతే, ఆటల్లో పేకాట కూడా ఉందని ఈ గొంతే చెప్పింది. పేకాట పాపమా కాదా అని పాస్టరు గారిని అడగలేదు. అడిగితే ఆయన జవాబు చెబుతారు.

తెరిచి చూశాను. ఒక చిక్కుంది. ముక్క మీదికి వెళ్ళినప్పుడల్లా ఎర్ర ఏడు, నల్ల ఆరు అని గట్టిగా చదివేస్తోంది. నాలుగు నెలలు నువ్వు దీని నోరు తెరిపించడానికి తంటాలు పడ్డావు. ఇప్పుడు ఆ ఒక్క ఆట దగ్గర దీని నోరు ఎలా మూయించాలో కాగితం మీద రాసి పంపు. నా పేర పంపు, పెద్ద అక్షరాలు అక్కర్లేదు, సుబ్బరావమ్మ గారి చేత చదివించుకుంటాను.

మీ అక్క అక్కడ ఏం చూసుకుంటుందో నాకు వినపడక్కర్లేదు.

మీ బావ,
శ్యామ్ సుందర్